కంచం వేరు పెట్టకండి!

ఇంట్లో ఒకరికి కేన్సర్ అని తెలియగానే చాలాచోట్ల మొదట జరిగే పనేమిటో తెలుసా? ఆమెకు కంచం, గ్లాసు వేరుచేయడం! జబ్బుకన్నా ఆ కంచమే ఎక్కువ బాధపెడుతుంది.

కేన్సర్ అంటువ్యాధి కాదు. కలిసి తిన్నా, పక్కన పడుకున్నా రాదు. నిజానికి కీమోథెరపీ రోజుల్లో తెల్ల రక్తకణాలు తగ్గుతాయి గనుక మన జలుబే ఆమెకు ప్రమాదం. చేతులు కడుక్కుని వెళ్ళండి.

2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక పేదింటివారికి వైద్యం ఖర్చు కొంత తేలికైంది. మరి తోడు? రేడియేషన్‌కి సాధారణంగా వారానికి అయిదు రోజుల చొప్పున కొన్ని వారాలు వెళ్ళాలి. కోనసీమ నుంచి కాకినాడకో, రాజానగరానికో రోజూ బస్సెక్కడమంటే మాటలా! ఒకరోజు మీరు వెంట వెళ్ళండి. లేదా ఆమె పిల్లలకి అన్నం పెట్టండి.

చూడ్డానికి వెళ్ళి, "మా మేనత్తా ఇలాగే పోయిందమ్మా" అనకండి. రాలిన జుట్టు చికిత్సయ్యాక మళ్ళీ వస్తుంది. నోరు పూస్తే ఆవకాయ మాని, మెత్తని పెరుగన్నం కొద్దికొద్దిగా పెట్టండి. ఏడిస్తే ఏడవనివ్వండి. నిద్రపట్టక, "నేనింకెందుకు?" అంటుంటే మాత్రం వెంటనే డాక్టరుకి చెప్పండి. దిగులుకీ మందుంది.

ఈ పూట ఆమెని మీ పక్కనే కూర్చోబెట్టుకుని వడ్డించండి!