స్పీకరు పలకకపోతే ఎక్కడ వెతకాలి? లినక్స్‌లో బ్లూటూత్‌ను టెర్మినల్ నుంచి కలపడం



పోయిన నెల ఒక శనివారం వినికిడి పాఠం జరగలేదని పిల్లలు ఇంట్లో చెప్పే ఉంటారు. కంప్యూటరు గదిలో అందరూ కూర్చున్నారు, కథ ఫైలు తెరిచాం, బ్లూటూత్ స్పీకరు మాత్రం పలకలేదు. తెర మీద బటన్ ఎన్నిసార్లు నొక్కినా కాసేపు తిరిగి ఆగిపోయేది. ఎందుకు ఆగిందో చెప్పేది కాదు. పీరియడు కాస్తా అయిపోయింది. బడి గేటు దాటితే అంగట్లో, బస్సులో వేరే భాషే వినబడే మన పిల్లలకు ఆ పాఠం చిన్న విషయం కాదు. అందుకే ఈ వివరం రాస్తున్నాం. ఇంట్లో లినక్స్ ఉన్న ల్యాప్‌టాప్ వాడేవారికీ పనికొస్తుంది.

ముందు ఒక మాట. ఆజ్ఞలను ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాశాం. మీరు మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాలతో టైపు చేసి ఎంటర్ నొక్కాలి.

మూడు పనులు, మూడు అర్థాలు

చాలామంది తికమకపడేది ఇక్కడే. "పెయిర్" అంటే రెండు పరికరాలు ఒకదాన్నొకటి గుర్తుపట్టి, ఒక రహస్య తాళం దాచుకోవడం. ఇది ఒకసారి చేస్తే చాలు. "ట్రస్ట్" అంటే ఈ పరికరం ఇకమీదట వస్తే నన్ను అడగకుండానే రానివ్వు అని కంప్యూటరుకు చెప్పడం. "కనెక్ట్" అంటే ఇప్పుడు, ఈ నిమిషంలో కలవడం. పెయిర్ అయినంత మాత్రాన కనెక్ట్ అయినట్టు కాదు. చుట్టాల ఫోన్ నెంబరు మన దగ్గర ఉండటం వేరు, వాళ్లతో ఇప్పుడు మాట్లాడుతూ ఉండటం వేరు కదా!

చేసే పద్ధతి

1. ఉబుంటులో కంట్రోల్, ఆల్ట్, టి మూడూ కలిపి నొక్కితే టెర్మినల్ తెరుచుకుంటుంది. అందులో "బ్లూటూత్‌సీటీఎల్" అని కొట్టండి. బ్లూటూత్ అనే మాట వెనకే, సందు లేకుండా సి, టి, ఎల్ అక్షరాలు రావాలి.

2. "పవర్ ఆన్" అనండి. తర్వాత "స్కాన్ ఆన్". స్పీకరును జత చేసే స్థితిలో పెట్టండి. చాలావాటికి బ్లూటూత్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే దీపం గబగబా మిణుకుతుంది.

3. తెర మీద పేర్లు, వాటి పక్కన చిరునామాలు వస్తాయి. చిరునామా అంటే 20:15:06:18:33:41 లాగా ఆరు జతలు. కొన్నింటిలో ఎ నుంచి ఎఫ్ వరకు అక్షరాలు కూడా ఉంటాయి. మీ స్పీకరు పేరు కనబడగానే "స్కాన్ ఆఫ్" చేయండి.

4. "పెయిర్" అని, సందు వదిలి, చిరునామా కొట్టండి. మొత్తం కొట్టే పని లేదు, మొదటి రెండు మూడు అంకెలు కొట్టి ట్యాబ్ నొక్కితే మిగతాది అదే నింపుకుంటుంది.

5. అలాగే "ట్రస్ట్", చివరికి "కనెక్ట్". పని అయ్యాక "క్విట్" అంటే బయటికి వస్తారు.

కీబోర్డును కలిపేటప్పుడు తెర మీద ఒక అంకెల వరుస రావచ్చు. దాన్ని ఆ కొత్త కీబోర్డు మీదే కొట్టి ఎంటర్ నొక్కాలి. పాత కీబోర్డు మీద కొట్టి రాలేదనుకునేవారు చాలామంది.

తప్పు ఎక్కడుందో తెలుసుకోవడం

"ఇన్ఫో" అని, పక్కన చిరునామా కొట్టండి. వచ్చే వరుసల్లో పెయిర్డ్, ట్రస్టెడ్, కనెక్టెడ్ అనే మూడింటిని చూడండి. మన గదిలో ఆ రోజు సాయంత్రం చూస్తే మొదటి రెండింటికీ "ఎస్", మూడోదానికి "నో" అని ఉంది. అంటే మన కంప్యూటరు స్పీకరును మరచిపోలేదు, స్పీకరే దొరకడం లేదు. వెతికితే అది పక్క తరగతి ల్యాప్‌టాప్‌కు కలిసి ఉంది! అక్కడ "డిస్‌కనెక్ట్" చేయగానే ఇక్కడ పలికింది.

ఇంకొన్ని చిక్కులు:

కంట్రోలర్ ఏదీ లేదని వస్తే, క్విట్ చేసి "ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్" కొట్టి చూడండి. సాఫ్ట్ బ్లాక్డ్ పక్కన ఎస్ అని ఉంటే "ఆర్‌ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ బ్లూటూత్" తో సరిపోతుంది. హార్డ్ బ్లాక్డ్ అని ఉంటే ల్యాప్‌టాప్ మీది స్విచ్చునో, ఫంక్షన్ కీనో చూడాలి.

ఎన్నిసార్లు చేసినా కలవకపోతే రెండు వైపులా దాచుకున్న తాళాలు సరిపోవడం లేదేమో. "రిమూవ్" తో తీసేసి, స్పీకరులోనూ పాత జతను చెరిపి, మళ్లీ మొదటి నుంచి పెయిర్ చేయండి.

కనెక్టెడ్ ఎస్ అని ఉన్నా శబ్దం రాకపోతే తప్పు బ్లూటూత్‌లో కాకపోవచ్చు. సౌండ్ సెట్టింగుల్లో అవుట్‌పుట్‌గా స్పీకరును ఎంచుకున్నారో లేదో చూడండి.

ఆన్‌లైన్ క్లాసులో హెడ్‌సెట్ శబ్దం ఉన్నట్టుండి డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటే భయపడకండి. హెడ్‌సెట్ మైకు వాడగానే బ్లూటూత్ ఫోన్ మాటల పద్ధతికి మారుతుంది, నాణ్యత తగ్గుతుంది. మైకుగా ల్యాప్‌టాప్‌దే ఎంచుకుంటే వినేది మళ్లీ బాగవుతుంది.

నమ్మకం గురించి

పిల్లలూ, ట్రస్ట్ అనేది ఊరికే కొట్టే మాట కాదు. పదిమంది వాడే కంప్యూటరులో స్నేహితుడి ఫోన్‌కు ట్రస్ట్ ఇస్తే, తర్వాత ఎవరు కూర్చున్నా ఆ ఫోన్ అడగకుండానే కలవొచ్చు. మీరు అడగకుండా జత చేయమని తెర మీద ప్రశ్న వస్తే "నో" అనండి. పని అయ్యాక "డిస్కవరబుల్ ఆఫ్" చేస్తే కొత్త పరికరాలు వెతికినా మన కంప్యూటరు వాటికి కనబడదు. ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఎవరికైనా ఇచ్చే ముందు "డివైసెస్" కొట్టి, ఉన్నవన్నీ రిమూవ్ చేయమని పెద్దలకు గుర్తుచేయండి.

ఇకమీదట బడి స్పీకరు వాడినవారు వెళ్లే ముందు "డిస్‌కనెక్ట్" తప్పకుండా చేయాలి. వినికిడి పాఠానికి పది నిమిషాల ముందే ఇద్దరు విద్యార్థులు వచ్చి స్పీకరును కలిపి చూస్తారు. ఇంట్లో ప్రయత్నించి కుదరనివారు "ఇన్ఫో" చూపించిన ఆ మూడు వరుసలను ఒక చీటీ మీద రాసి పిల్లల చేత పంపండి. ఆ మూడు తెలిస్తే మిగతాది కలిసి చూసుకుందాం.