మగ్గము లేని నేత

“పడుగుపేకలవలె కలిసి మెలసి యున్నారు” అని వ్యాసమున వ్రాయని తెలుగు విద్యార్థి అరుదు. కాని ఆ రెంటిలో నిలువున సాగునది ఏది, అడ్డముగ నడచునది ఏది అని అడిగినచో, తరగతియందు తరచు నిశ్శబ్దమే సమాధానమగును. పలుకుబడి నిలిచినది, దానికి పుట్టినిల్లయిన పని మాత్రము కంటికి దూరమైనది. సమస్త లోకములు దేనియందు ఓతప్రోతములై యున్నవో చెప్పుమని గార్గి యాజ్ఞవల్క్యుని వరుసగ ప్రశ్నించిన ఘట్టము బృహదారణ్యకోపనిషత్తు మూడవ అధ్యాయమున కలదు. ఓతప్రోతములనగా పడుగుపేకలే. నాటి సభలో ఆ ఉపమానమును ఎవరికిని విప్పి చెప్పవలసిన పని లేకపోయెను. నేడు విప్పి చెప్పవలసి వచ్చుచున్నది. చెప్పుటకంటె చేయించుట మేలు.

అందుకు మగ్గము ఉండవలెనా? తెలుగున అల్లుట, నేయుట అని రెండు మాటలున్నవి. జడ, బుట్ట, వల, తడిక అల్లుదుము, బట్ట నేయుదుము. అల్లికకు వ్రేళ్ళు చాలును, నేతకు మగ్గము కావలెనని సామాన్యముగ తలంతుము. కాని నవారు మంచమును చూడుడు. పొడవున లాగి బిగించిన పట్టీల నడుమ అడ్డపు పట్టీ ఒకదాని మీదుగ, ఒకదాని క్రిందుగ సాగును. అది నిక్కమైన నేతయే. మంచపు చట్రమే అచట మగ్గము. ఉత్తర అమెరికా వాయవ్య తీరమునందలి ట్లింగిట్ స్త్రీల చిల్కాట్ శాలువ ఇంకను విశేషమైనది. కొండమేక ఉన్ని, దేవదారు జాతి చెట్టు నార కలిపి పేనిన పడుగును ఒక అడ్డకర్రకు వ్రేలాడదీయుదురు. క్రింది కొనలు విడిగానే యుండును. వ్రేళ్ళతోనే పేకను మెలివేయుచు, కన్నులు, రెక్కలు, ముఖములు గల చిక్కని చిత్రములను దించుదురు. మగ్గము లేని నేత మోటు నేత కానక్కరలేదని దీనివలన తెలియును.

ఈ విద్యను గోడకు వ్రేలాడదీయు చిన్న అలంకారముగ పాఠశాలలో నేర్పవచ్చును. మూరెడు పొడవు గల వెదురు పుల్లలు రెండు, గట్టి నూలు దారము, రంగుల ఉన్ని, ఒక దబ్బనము, ఒక దువ్వెన, ఒక ఇటుక — ఇవి చాలును. పావు అంగుళము ఎడముగ 24 నూలు పోగులను పై పుల్లకు కట్టి, క్రింది కొనలను రెండవ పుల్లకు సమానపు బిగువుతో కట్టవలెను. ఇది పడుగు. పై పుల్లను గోడ మేకులకు తగిలించి, క్రింది పుల్లకు ఇటుకను కట్టినచో పోగులు బిగిసి నిలుచును.

దబ్బనమున ఉన్ని దారమును ఎక్కించి, అడుగు నుండి ఆరంభించి, ఒక పోగు మీదుగ, ఒక పోగు క్రిందుగ నడపవలెను. ఇది పేక. మరలి వచ్చునపుడు ముందు వరుసలో మీదుగ పోయినచోట క్రిందుగ, క్రిందుగ పోయినచోట మీదుగ పోవలెను. ప్రతి వరుసను దువ్వెనతో క్రిందికి దట్టించవలెను. తొలిసారి నేయువారి పని సాధారణముగ నడుమ సన్నబడును. పేకను సూటిగ లాగుటయే దీనికి కారణము. వరుసను విల్లువలె వంచి పరచి, పిమ్మట దువ్వెనతో దించినచో అంచులు లోనికి రావు. రెండు రంగులు ప్రక్కప్రక్క పోగుల నుండి వెనుకకు మరలినచో నడుమ నిలువు చీలిక ఏర్పడును. రెండును ఒకే పోగును చుట్టి మరలినచో ఏర్పడదు.

కుచ్చులు కావలెనన్న జానెడు ఉన్ని ముక్కను రెండు పోగుల మీద అడ్డముగ ఉంచి, రెండు కొనలను వెనుకకు త్రిప్పి, ఆ పోగుల నడుమ నుండి ముందుకు లాగవలెను. ఏలూరు ఉన్ని తివాచీల మెత్తదనము ఇట్టి ముడుల వలన వచ్చినదే. ముడులు లేని చదును నేతకు 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన ఓరుగల్లు జంపఖానాలు చక్కని నిదర్శనము. నేత ముగిసిన పిదప పడుగును క్రింది పుల్ల నుండి కోసి, రెండేసి పోగులను ముడివేసినచో పేక జారదు.

ఈ పనిలో ఇటుక పోగులను బిగించినది. సందు తెరచి దారమును దాటించినవి వ్రేళ్ళు. బిగువు, సందు — మగ్గము ముఖ్యముగ చేయు పనులును ఇవియే. వరుస వరుసకు 12 పోగులను ఒక్కొక్కటిగ ఎత్తి అలసిన బాలునకు అప్పుడొక లెక్క చెప్పవలెను. అంగుళమునకు 80 పోగుల చొప్పున 45 అంగుళముల వెడల్పు బట్టకు 3,600 పోగులు కావలెను. వానిలో సగమును, అనగా 1,800 పోగులను, సాదా నేతలో నేతగాడు కాలితో ఒక్క త్రొక్కున లేపును. కాని అంతకుముందు ఆ పోగులన్నింటిని ఒక్కటియు తప్పకుండ వరుసన చేర్చవలసినది మనుష్యుల చేతులే. మగ్గము ఎంతటి బుద్ధిబలముతో పుట్టినదో, దాని ముందు కూర్చుండుటకు ఎంతటి ఓర్పు కావలెనో మగ్గము లేకుండ నేసినవానికి తెలియును.

చేతిపని ద్వారమున చదువు సాగవలెనని 1937లో వార్ధా విద్యాసభ తీర్మానించినది. 1905 నాటి స్వదేశీ ఉద్యమ స్మృతిగ 2015 నుండి ఆగస్టు 7 జాతీయ చేనేత దినమైనది. ఆనాడు పాఠశాలలలో ఉపన్యాసములు జరుగును, వ్యాసములు వ్రాయింతురు. వానితో పాటు ప్రతి విద్యార్థిచే జానెడు నేత నేయించినచో, రేపు పెద్దవాడై చేనేత చీర వెల విని “ఇంతయా?” అనబోవునపుడు వాని వ్రేళ్ళకు ఆ 24 పోగులు జ్ఞప్తికి వచ్చును.