బండలాగుడు పందెములు – తరగతులు

నూర్పిళ్లు ముగిసి ధాన్యము ఇల్లు చేరిన పిమ్మట సంక్రాంతి దినములలోను, ఊరి తిరునాళ్ల సమయమునను ఆంధ్రదేశమున ఎడ్లచేత బండలు లాగించు పందెములు జరుగుచుండును. కృష్ణా మండలమున గుడివాడయందును ఇట్టి పందెములు జరిగినవి. మరునాటి వార్తాపత్రికలో “నాలుగు పళ్ల విభాగమున ఫలానా గ్రామపు జత ప్రథమ బహుమతి పొందినది” అని చదువుదుము. నాలుగు పళ్లనగా నేమి? పళ్లకును, బరువు లాగుటకును గల సంబంధమేమి? ఈ సంగతి తెలియనివారికి ఆ గెలుపు విలువ బోధపడదు.

ఈ పందెములలో పాల్గొనునవి ముఖ్యముగా ఒంగోలు జాతి గిత్తలు. తెల్లని మేను, ఎత్తైన మూపురము, వ్రేలాడు గంగడోలు వీని లక్షణములు. ఇవి బలము గలవి, ఎండకు ఓర్చునవి. బ్రెజిలు దేశస్థులు ఈ పశువులను కొనిపోయి తమ దేశమున వృద్ధి చేసికొని, నెల్లూరు పేరు మీదుగా ‘నెలోరు’ జాతియని పిలుచుచున్నారు. 1855లో విజయవాడయొద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తియైన పిదప డెల్టాలో వరిసాగు విస్తరించెను. తడిసిన నల్లరేగడి నేలలో నాగలి లాగుటకు మంచి ఎడ్లు అవసరమయ్యెను. నేడు దున్నకమునకు ట్రాక్టర్లు వచ్చినవి. పొలము పని తగ్గినను మేలుజాతి గిత్తలను పోషించు రైతులకు ఈ పందెము లొక ప్రోత్సాహముగా నున్నవి.

పందెము నడచు విధము సులభమైనది. రెండు గిత్తలను కాడికి కట్టి, కాడికి పెద్ద రాతిబండను తగిలింతురు. కొలిచిన దారిలో ఆ చివరవరకు లాగి, మరల వెనుకకు తిరిగి రావలెను. నిర్ణయించిన నిమిషములు ముగియగానే జతను ఆపి, లాగిన మొత్తము దూరమును అడుగులలోను, అంగుళములలోను లెక్కింతురు. దారి పొడవు 300 అడుగులనుకొందము. ఒక జత ఆ దారిని పండ్రెండుమారులు పూర్తి చేసి, పదుమూడవమారు 125 అడుగులు పోయినచో, అది లాగిన దూరము 3,725 అడుగులు. ఎక్కువ దూరము లాగిన జతదే గెలుపు.

అయితే రెండేండ్ల కోడెను, ఆరేండ్ల ఎద్దును ఒకే బండకు కట్టి పోల్చుట న్యాయమగునా? కాదు గదా! అందుచేతనే తరగతు లేర్పడినవి. పశువునకు పుట్టినతేదీ వ్రాసిన పత్రము సాధారణముగా నుండదు. దాని వయస్సును నోరు తెరచి చూచి తెలిసికొందురు. ఆవుజాతి పశువులకు ముందువైపున పై దవడకు పళ్లుండవు. గట్టి చిగురు మాత్రముండును. క్రింది దవడకు ముందువైపున ఎనిమిది పళ్లుండును. మొదట వచ్చునవి పాలపళ్లు. ఇవి చిన్నవి. సుమారు రెండు, రెండున్నర యేండ్ల వయస్సున నడిమి జత ఊడి, వాని స్థానమున వెడల్పైన శాశ్వత దంతములు రెండు వచ్చును. అదియే ‘రెండు పళ్ల’ గిత్త. మూడేండ్లు దాటిన పిదప నాలుగు పళ్లు, నాలుగేండ్ల ప్రాంతమున ఆరు పళ్లు, అటుపిమ్మట ఎనిమిదియు నిండును. మేతను బట్టియు, జాతిని బట్టియు కొన్ని నెలలు ముందు వెనుక లుండవచ్చును.

కావున పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అను విభాగములు నిజమునకు వయస్సునుబట్టి చేసిన తరగతులే. పళ్లన్నియు నిండిన పిదప నోరు చూచి తరగతి నిర్ణయించుట సాధ్యము గాదు. అందుచే ఆ పైని సబ్ జూనియర్, జూనియర్, సీనియర్ అను విభాగములు పెట్టినారు. పై విభాగమునకు పోవుకొలది బండ బరువు హెచ్చును. సీనియర్ విభాగపు బండ టన్నుకు మించియుండును. బరువు, సమయము మొదలగువానిని నిర్వాహకులు ముందుగా ప్రకటింతురు.

ఇతర దేశములలో మరియొక విధమైన తరగతులు గలవు. గొఱ్ఱెలను కాయు కుక్కలకు గ్రేటు బ్రిటనులోని వేల్సు దేశమున బాలా అను ఊరియొద్ద 1873లో పరీక్ష జరిపిరి. కాపరి నిలిచినచోటనే నిలిచి ఈలతోను, మాటతోను ఆజ్ఞ యిచ్చును. కుక్క దూరముగా పోయి, మందను బెదరింపక చుట్టి తెచ్చి, దొడ్డిలోనికి తోలవలెను. అమెరికాలో ఇట్టి కుక్కలకు ఆరంభ, మధ్యమ, ఉత్తమ శ్రేణులను మూడు మెట్లున్నవి. అమెరికన్ కెన్నెల్ క్లబ్బు పద్ధతిలో నూటికి అరువది మార్కులు రావలెను. వేర్వేరు న్యాయనిర్ణేతల యెదుట మూడుమారులు నెగ్గినగాని ఆరంభశ్రేణి బిరుదు రాదు. బిరుదు వచ్చిన పిదప అది కుక్క పేరుతో చేరి శాశ్వతముగా నిలుచును. మన గిత్తకు అట్టి బిరుదు లేదు. ఆనాటి స్థానమే దాని కీర్తి. అచ్చటి మెట్లు నేర్పును కొలుచును; ఇచ్చటి పళ్లు వయస్సును కొలుచును. సమానులను సమానులతోనే పోల్చవలెనను న్యాయము మాత్రము రెండింటికిని ఒక్కటియే.

ఈ తరగతులకు మరియొక ప్రయోజనము గలదు. పాలపళ్ల కోడెకు ఎముకలింకను ముదురలేదు. మితిమీరిన బరువు కట్టినచో దాని కాళ్లు చెడును, జీవితాంతము కుంటవచ్చును. తేలిక బండ దానికి రక్ష. బహుమతికి ఆశపడి పశువును తగని తరగతిలో దింపువాడు తోటి రైతును మాత్రమే గాక, నోరులేని జీవమును గూడ మోసగించినవా డగును. చర్నాకోలతో చావగొట్టుట, ముల్లుతో పొడుచుట బలమునకు పరీక్ష కానేరవు. అవి బాధకు పరీక్షలు. పశువులను కొట్టుట, శక్తికి మించి పని చేయించుట, మోయరాని బరువు వేయుట నేరములని 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము చెప్పుచున్నది.

బాలలారా! ఇకమీదట ఇట్టి వార్త చదివినపుడు ఏ జత గెలిచినదని మాత్రమే అడుగకుడు. ఏ విభాగము? బండ బరువెంత? ఎన్ని నిమిషములు? ఎన్ని అడుగులు? ఈ నాలుగును తెలిసినపుడే ఆ గెలుపు మీకర్థమగును. పందెమైన పిమ్మట ఆ గిత్తలు నీళ్లు త్రాగి, మేత మేసి, కుంటక తమ కాళ్లపై ఇల్లు చేరినవా? ఈ అయిదవ ప్రశ్నకు ‘చేరినవి’ అను సమాధానము వచ్చినపుడే ఆ బహుమతి నిజమైన బహుమతి.