మెయిల్ పోతే సరిపోదు, ఫైల్ తెరుచుకోవాలె

నౌకరీ నోటిఫికేషన్ పడంగనే మన ఊర్ల పిల్లలు డిగ్రీ మెమో, కులం సర్టిఫికెట్, బయోడేటా అన్నీ జోడించి మెయిల్ కొడ్తరు. 'సెంట్' అని కనవడితే పని అయిపోయిందనుకుంటరు. అటు దిక్కు ఆఫీసుల ఆ ఫైల్ తెరుచుకోకపోతే ఫోన్ చేసి చెప్పేటోళ్లు ఎవ్వలుంటరు? ఆ దరఖాస్తు పక్కకు పోతది, అంతే. చదువు లేక కాదు, సెట్టింగ్ కుదరక అవకాశం పోతది.

అసలు సంగతేందంటే, ఈమెయిల్ పుట్టిందే ఉత్త ఇంగ్లీష్ అక్షరాలు మోసేతందుకు. ఫొటోలు, పీడీఎఫ్‌లు దానికి తెల్వయి. 1992ల నాథనియల్ బోరెన్‌స్టీన్, నెడ్ ఫ్రీడ్ అనే ఇద్దరు ఇంజినీర్లు 'మైమ్' అనే పద్ధతి తెచ్చిన్రు. ఫైల్‌ను అక్షరాలుగ మార్చి పంపుడు, అవతల మళ్ల ఫైల్‌గ మార్చుకునుడు. ఇప్పటికీ నడుస్తున్నది గదే. ఇట్ల మార్చినప్పుడు ప్రతి 3 బైట్లు 4 అక్షరాలైతయి. అంటే ఫైల్ బరువు మూడో వంతు పెరుగుతది.

కావట్టి సైజు మీద సోయి ఉండాలె. జీమెయిల్‌ల 25 ఎంబీ దాకా జోడించొచ్చు. కానీ అవతలి ఆఫీసు సర్వర్ 10 ఎంబీ దాకనే తీసుకునేదైతే, మన 8 ఎంబీ ఫైల్ దారిల 10 దాటి వాపస్ వస్తది. సర్టిఫికెట్లను ఒక్కొక్కటి ఫొటో కొట్టి పెట్టే బదులు గూగుల్ డ్రైవ్ యాప్‌ల 'స్కాన్' కొట్టి, అన్నీ ఒక్క పీడీఎఫ్ చేయుర్రి. నెట్ సెంటరోళ్లకు వాట్సాప్‌ల పంపేటప్పుడు ఫొటోలెక్క కాకుండ 'డాక్యుమెంట్'గ పంపుర్రి. లేకుంటే సైజు తగ్గించే క్రమంల అక్షరాలు మసకవడ్తయి. ఐఫోన్ ఉన్నోళ్లు సెట్టింగ్స్, కెమెరా, ఫార్మాట్స్‌ల 'మోస్ట్ కంపాటిబుల్' పెట్టుకుంటే ఫొటో జేపెగ్ అయితది, ఎక్కడైనా తెరుచుకుంటది.

25 ఎంబీ దాటితే జీమెయిల్ ఫైల్‌ను డ్రైవ్‌ల పెట్టి లింక్ పంపుతది. చానామంది దెబ్బ తినేది ఇక్కడనే. ఆ లింక్ 'రిస్ట్రిక్టెడ్' అని ఉంటే, మనం అనుమతి ఇయ్యనోళ్లకు తెరుచుకోదు. షేర్‌ల 'ఎనీవన్ విత్ ద లింక్', దాని పక్కన 'వ్యూయర్' పెట్టాలె. ఆధార్ అసొంటి కాగితాలుంటే మాత్రం పని అయినంక మళ్ల 'రిస్ట్రిక్టెడ్' చేసుడు మర్వొద్దు. లింక్ దొరికినోళ్లందరూ చూస్తరు మరి.

కంప్యూటర్‌ల పాత ఔట్‌లుక్ వాడేటోళ్లకు ఇంకో తిప్పలు. మెయిల్ 'రిచ్ టెక్స్ట్' రూపంల పోతే, అవతలోళ్లకు మన పీడీఎఫ్ బదులు 'విన్‌మెయిల్.డాట్' అనే తెరుచుకోని ఫైల్ కనవడొచ్చు. ఫైల్, ఆప్షన్స్, మెయిల్ లోపటికి పోయి, మెసేజ్ ఫార్మాట్‌ను 'హెచ్‌టీఎంఎల్' చేస్తే ఆ లొల్లి పోతది. ఇంజినీరింగ్ పిల్లలు ఇంకోటి యాదివెట్టుకోవాలె: ప్రాజెక్టుల ఈఎక్స్ఈ ఫైల్ ఉంటే, జిప్ చేసినా జీమెయిల్ పోనియ్యదు. దాన్ని డ్రైవ్ లింక్‌తోనే పంపాలె.

జీమెయిల్ సెట్టింగ్స్‌ల 'అన్‌డూ సెండ్' 30 సెకన్లు పెట్టుకోర్రి. ఫైల్ జోడించుడు మర్చిపోయినా, వేరే ఫైల్ పోయినా గుంజుకోవచ్చు. అసలు పంపేముందు అదే మెయిల్ దోస్తుకు పంపి, వాళ్ల ఫోన్‌ల తెరిపించి చూడుర్రి. డ్రైవ్ లింక్ అయితే ఇన్‌కాగ్నిటోల తెరువుర్రి. లాగిన్ అడగకుండ తెరుచుకుంటే అందరికీ తెరుచుకున్నట్టే.

గిదంతా పిల్లల మీదనే వెయ్యుడు కూడా న్యాయం కాదు. దరఖాస్తులు పిలిచేటోళ్లు ఎన్ని ఎంబీలు, ఏ రకం ఫైల్ అని నోటిఫికేషన్‌లనే రాయాలె. ఫైల్ తెరుచుకోకపోతే ఒక్క ముక్క జవాబియ్యాలె. పట్నంల ఉన్నోళ్లు పోయి అడుగుతరు, ఊర్లె ఉన్నోళ్లకు బస్సు కిరాయి, ఒక దినం కూలి పోతయి. ఆ జవాబు వచ్చేదాక ఆగకుండ, ఆఖరి తారీఖుకు నాలుగు దినాల ముందే పంపుర్రి. మెయిల్ వాపసొచ్చినా సరిచేసి మళ్ల పంపేతందుకు టైం ఉంటది.