గరిటె తోక కోసం చిడియా టాపు దాకా

ఫిబ్రవరిలో అండమాన్ వెళ్తున్నా, లీవ్ కావాలి అని టీమ్ గ్రూప్‌లో పెట్టగానే వచ్చిన రిప్లైలన్నీ దాదాపు ఒకటే. స్కూబానా, సీ వాకా, హేవ్‌లాక్‌లో ఎన్ని రాత్రులు? సీతాకోకచిలుకలు చూడ్డానికి, అదీ అమ్మతో అని చెప్పాక మా మేనేజర్ ఒకే ఒక్క ఎమోజీ పెట్టాడు. అదేంటో మీరే ఊహించుకోండి.

మా అమ్మ విజయనగరం దగ్గర జడ్పీ హైస్కూల్లో ముప్ఫయ్యేళ్లు బయాలజీ చెప్పింది. గుడ్డు, లార్వా, ప్యూపా, ప్రౌఢ జీవి... ఈ నాలుగు బొమ్మలూ బోర్డు మీద కళ్లు మూసుకుని వేసేస్తుంది. రెండేళ్ల కిందట రిటైరైంది. ఆ ఏడాదే కళ్లజోడు మార్చుకుందామని వెళ్తే నీటికాసులు అని తేలింది. గ్లకోమా అంటారే, అదే. ఎక్కువ మందిలో ఇది నొప్పి లేకుండా, కన్ను ఎర్రబడకుండా వస్తుంది. చూపు అంచుల నుంచి మెల్లగా తగ్గుతుంది, మధ్యలో మామూలుగానే కనిపిస్తుంది కాబట్టి మనిషికి తెలియదు. పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నదాన్ని చుక్కల మందుతో కాపాడుకోవడమే. అమ్మకి ఎడమ కంటి అంచుల్లో అప్పటికే కొంత పోయింది.

డాక్టర్ గారు ఇదంతా చెప్పాక అమ్మ అన్న మాట ఒక్కటే. "అయితే చూడాల్సినవి ఏవైనా ఉంటే ఇప్పుడే చూసేయాలన్న మాట." ఆయన నవ్వేశారు. నాకు నవ్వు రాలేదు.

ఏం చూడాలమ్మా అని అడిగితే కాశీ అంటుందేమో అనుకున్నా. "బర్డ్‌వింగ్" అంది. చార్టులో చూపించి చెప్పడమే తప్ప ఎగురుతుంటే ఎప్పుడూ చూడలేదట. కామన్ బర్డ్‌వింగ్ మన దేశంలో పెద్ద సీతాకోకచిలుకల్లో ఒకటి. నల్లటి ముందు రెక్కలు, మేలిమి బంగారం లాంటి వెనక రెక్కలు. రెక్కలు చాపితే జానెడు కంటే కొంచెం తక్కువ. అది అండమాన్‌లో ఉంది. ఫిబ్రవరి అయితే అక్కడ వానలు పెద్దగా ఉండవు, ఎండ ముప్ఫై డిగ్రీల చుట్టూ ఉంటుంది, సముద్రం కూడా బుద్ధిగా ఉంటుంది. చెన్నై నుంచి విమానంలో రెండు గంటల పైచిలుకు. మిగతాదంతా నేను చూసుకుంటానన్నా.

ముందే ఒక విషయం చెప్పేస్తా. సీతాకోకచిలుకల కోసం వెళ్లేవాళ్లకి హేవ్‌లాక్ (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్) అక్కర్లేదు. పోర్ట్ బ్లెయిర్‌లోనే మకాం పెట్టండి. 2024లో ఊరి పేరు శ్రీ విజయపురం అని మారింది గానీ, ఆటోవాళ్లు ఇంకా పాత పేరే అంటున్నారు. ఊరికి దక్షిణంగా పాతిక కిలోమీటర్ల దూరంలో చిడియా టాపు. పడవలో అవతలి ఒడ్డుకు దాటితే మౌంట్ హారియెట్. 2021 నుంచి దాని పేరు మౌంట్ మణిపూర్. ఈ రెండూ చాలు, అయిదు రోజులు ఇట్టే గడిచిపోతాయి.

టైమ్ విషయంలో మాత్రం జాగ్రత్త. గడియారం మనదే, సూర్యుడు మాత్రం మనవాడు కాదు. తూర్పున అంత దూరంగా ఉన్నా నడిచేది మన టైమే కాబట్టి ఫిబ్రవరిలో ఆరు కాకముందే తెల్లారిపోతుంది, సాయంత్రం అయిదున్నరకల్లా చీకటి పడిపోతుంది. సీతాకోకచిలుకలకు ఒంట్లో సొంత వేడి ఉండదు. రెక్కలు ఎండలో ఆరబెట్టుకున్నాకే ఎగరగలవు. ఎనిమిది నుంచి పదకొండు దాకా అసలు ఆట. పది గంటలకి బఫేకి వెళ్లే టైపు మనుషులకి ఇది కుదరదు.

మా ఆటో ఆయనది శ్రీకాకుళం జిల్లా మూలం. తాత కాలంలో చేపల వేట కోసం వచ్చేశారట, ఇప్పుడు జంగ్లీఘాట్‌లో ఇల్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో దాదాపు 13 శాతం మందికి తెలుగే మాతృభాష. కాబట్టి భాష గురించి దిగులు అక్కర్లేదు. మొదటి రోజు ఆయన అడిగిన ప్రశ్న ఇది: "సీతాకోకచిలుకల కోసం ఇంతదూరం వచ్చినారేటండీ? మీ ఊళ్లో లేవా?"

అమ్మకు అంతకంటే ఏం కావాలి. ఆటో చిడియా టాపు చేరేలోపు క్లాసు అయిపోయింది.

సారాంశం ఏంటంటే, సముద్రం మధ్యలో వేల ఏళ్లు ఒంటరిగా ఉండిపోయిన జీవులు తమ దారిలో తాము మారుతూ పోతాయి. అందుకే ప్రపంచంలో ఇంకెక్కడా లేని సీతాకోకచిలుకలు ఇక్కడ ఉన్నాయి. అండమాన్ మార్మన్, అండమాన్ క్లబ్‌టెయిల్, అండమాన్ స్వోర్డ్‌టెయిల్. ఇక్కడ అడవి పోతే వాటికి వేరే అడ్రస్ లేదు. బ్యాకప్ లేని డేటా అన్న మాట. (ఈ పోలిక అమ్మకి చెబితే నీ కంప్యూటర్ గోల ఆపరా అంది.)

నేను డిటెక్షన్, అమ్మ క్లాసిఫికేషన్

చిడియా టాపులో మొదటి గంట ఘోరంగా గడిచింది. ఎగిరే సీతాకోకచిలుకని మనం పట్టేది కంటి అంచుతో. పక్కన ఏదో కదిలింది, తల తిప్పుతాం, చూస్తాం. అమ్మకి లేనిది సరిగ్గా అదే. ఎడమ వైపు నుంచి వచ్చినవి ఆమె ముందు ఉన్నట్టుండి ప్రత్యక్షమై, అంతలోనే మాయమైపోతున్నాయి. బైనాక్యులర్ పెడితే ఇంకా కష్టం. నేను "అదిగో, అదిగో" అంటుంటే "ఏదిరా, ఏదిరా" అంటోంది. చివరికి ఒక రాయి మీద కూర్చుండిపోయింది.

ఆ కూర్చున్న చోటే కలిసొచ్చింది. ఎదురుగా సన్నటి వాగు రోడ్డు దాటే చోట తడి మట్టి. పది నిమిషాల్లో అక్కడ పసుపు రంగువి, ఆకుపచ్చ కిటికీల్లాంటి మచ్చలున్న జే రకాలవి గుంపుగా వాలాయి. దీన్ని మడ్ పడ్లింగ్ అంటారు. ఎక్కువగా మగవే వస్తాయి. తేనెలో దొరకని ఉప్పు, ఖనిజాలు బురదలోంచి పీల్చుకుంటాయి. ఆ ఉప్పులో కొంత జతకట్టేటప్పుడు ఆడవాటికి చేరుతుంది, అక్కడి నుంచి గుడ్లకి. తాగుతున్నంతసేపూ అవి పెద్దగా కదలవు. అమ్మ వాటిని తిన్నగా, నింపాదిగా, కడుపునిండా చూసింది. ఒకటి వచ్చి ఆమె చెప్పు మీద కూడా వాలింది. చెమట ఉప్పు కోసం.

అప్పటి నుంచి సిస్టమ్ మార్చేశాం. నేను అమ్మకి ఎడమ పక్కన నిలబడతా. ఏదైనా కనిపిస్తే "పది గంటల వైపు, నడుము ఎత్తులో" అని గడియారం లెక్కలో చెప్తా. అది వాలేదాకా ఆగి అమ్మ చూస్తుంది, ఏంటో చెప్తుంది. మా ఆఫీసు భాషలో అయితే నేను ఆబ్జెక్ట్ డిటెక్షన్, అమ్మ క్లాసిఫికేషన్. ఆటో ఆయన కూడా రెండో రోజు నుంచి "టీచరమ్మగోరూ, రెండు గంటల వైపు" అని మొదలుపెట్టారు. ఆయన కళ్లు నాకంటే చాలా నయం.

అమ్మకి ఇంగ్లిష్ పేర్లు నచ్చలేదు. మనకి వందల రకాలున్నా తెలుగులో అన్నిటికీ సీతాకోకచిలుకే, పిల్లలు దేన్ని చూసి ఏమని పిలవాలి అని తన బాధ. అందుకని సొంతంగా పెట్టడం మొదలుపెట్టింది. మౌంట్ హారియెట్ దారిలో ట్రీ నింఫ్ కనిపించింది. పెద్ద తెల్లటి రెక్కలు, వాటి మీద నల్లటి ఈనెలు, చుక్కలు. ఎవరో మేడ మీద నుంచి వదిలేసిన కాగితంలా తేలుతూ వచ్చింది. ఒంట్లో విషం ఉంటుంది కాబట్టి పక్షులు జోలికి రావు, దానికి తొందరే లేదు. అమ్మ నోటుబుక్‌లో "ఇంకు కాగితం" అని రాసుకుంది. ముప్ఫయ్యేళ్లు పేపర్లు దిద్దిన మనిషి కదా.

కమిషనర్ గారి వల

హారియెట్ కొండ పైనుంచి కింద నార్త్ బే లైట్‌హౌస్ కనిపిస్తుంది. పాత ఎర్ర ఇరవై రూపాయల నోటు వెనకాల ఉన్న బొమ్మ ఈ చోటిదే. అందరూ నోటు పట్టుకుని ఫొటో దిగుతారు, మేమూ దిగాం. నాకు మాత్రం అక్కడ వేరే విషయం బుర్రలో తిరుగుతోంది. 1920ల్లో ఈ దీవులకు చీఫ్ కమిషనర్‌గా ఉన్న ఫెరార్ అనే బ్రిటిష్ అధికారికి సీతాకోకచిలుకల పిచ్చి. దక్షిణ నికోబార్ వైపు ఉండే బర్డ్‌వింగ్ ఉపజాతికి ఆయన పేరు మీదే 'ఫెరారి' అని పెట్టారు. సరిగ్గా ఆ రోజుల్లోనే మన్యంలో అల్లూరి సీతారామరాజుతో కలిసి పోరాడిన గాం మల్లు దొర శిక్ష పడి అండమాన్‌కు వచ్చాడు. ఆ తర్వాత విడుదలై, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ఒకే దీవిలో ఒకరు వల పట్టుకుని అడవంతా తిరుగుతున్నారు, ఒకరు ఊచల వెనకాల. సెల్యులార్ జైలు టూర్‌లో ఇది ఎవరూ చెప్పరు.

ఆ బ్రిటిష్ వాళ్లే వేట కోసం చుక్కల దుప్పులను కూడా తెచ్చి వదిలారు. ఇక్కడ పులి లేదు, చిరుత లేదు. అవి పెరిగి పెరిగి అడవిలో కింది అంతస్తు మొక్కల్ని మేసేస్తున్నాయి. ఇక నికోబార్‌కి మామూలు టూరిస్టులు అంత తేలిగ్గా వెళ్లలేరు. గ్రేట్ నికోబార్‌లో పోర్టు, ఎయిర్‌పోర్టు, టౌన్‌షిప్ కోసం దాదాపు 130 చదరపు కిలోమీటర్ల అడవిని ఇచ్చేందుకు 2022లో అనుమతులు వచ్చాయి. దేశానికి అవసరం అనేవాళ్లూ ఉన్నారు, ఆ అడవి మళ్లీ రాదు అనేవాళ్లూ ఉన్నారు. అమ్మ రెండో పక్షం. పోయింది తిరిగి రాదు అనే మాట ఆమె ఈమధ్యే ఆస్పత్రిలో విని ఉంది.

బర్డ్‌వింగ్ మూడో రోజు పొద్దున వచ్చింది. చిడియా టాపు రోడ్డు మీద, ఎడమ వైపు నుంచి, చెట్ల తలల ఎత్తులో. నేను "పది గంటలు, పైన" అనేలోపే దాటేసింది. నిజంగా పక్షిలాగే రెక్కలు విప్పి జారుకుంటూ పోయింది. ఎండలో ఆ పసుపు ఎలా ఉందో చెప్పడం నా వల్ల కాదు. అమ్మకి కనిపించలేదు. రోడ్డు మీద దాని నీడ మాత్రం తన ముందు నుంచి వెళ్లిందట, అది చూసి తల ఎత్తేసరికి లేదు.

"రంగు ఎలా ఉందిరా?"

"పసుపు. కొట్టు పసుపు కాదు, కొమ్ము విరిస్తే లోపల ఉంటుందే, అలా."

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "నీడ కూడా పెద్దదే" అంది. మేము ఆ రోజు, మర్నాడు పదకొండున్నర దాకా అక్కడే కాపు కాశాం. మళ్లీ రాలేదు.

నాలుగో రోజు మాత్రం దారి పక్కన ఊదా పూల పొద మీద నల్లగా, పొడుగు రెక్కలతో ఒకటి వాలి ఉంది. వెనక రెక్కల మీద తెల్ల మచ్చలు, ఎర్ర చుక్కలు, చివర గుండ్రంగా గరిటెలా వెడల్పైన తోకలు. క్లబ్‌టెయిల్! నేను ఎగిరి గంతేయబోతుంటే అమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. "తొందరపడకు. వేషం కావచ్చు."

విషయం ఏంటంటే, క్లబ్‌టెయిల్ గొంగళి పురుగులు మన ఈశ్వర వేరు కుటుంబం మొక్కలు తిని ఒంట్లో విషం నింపుకుంటాయి. పక్షులు ఒకసారి రుచి చూస్తే జన్మలో ముట్టవు. ఇది కనిపెట్టినట్టు, విషం లేని అండమాన్ మార్మన్ ఆడవాటిలో ఒక రకం అచ్చం ఇలాగే తోకలు పెంచుకుని తిరుగుతుంది. ఇదే నాటకం మీ పెరట్లో కూడా చూడొచ్చు. కరివేపాకు చెట్టు మీద గుడ్లు పెట్టే కామన్ మార్మన్ ఆడవాటిలో కొన్ని కామన్ రోజ్ వేషం కడతాయి. తేడా పట్టాలంటే రెక్కలు కాదు, ఒళ్లు చూడాలి. విషం ఉన్నదాని ఒంటి మీద ఎరుపు ఉంటుంది. వేషగాడి ఒళ్లు నల్లగానే ఉంటుంది.

అమ్మ చేతిలో అర మీటరు దూరం దాకా ఫోకస్ అయ్యే చిన్న బైనాక్యులర్ ఉంది (పెంటాక్స్ పాపిలియో, ఈ ట్రిప్‌లో నేను పెట్టిన డబ్బుల్లో బెస్ట్ ఖర్చు అదే). ఎదురుగా, తిన్నగా, చూపు బాగున్న మధ్య భాగంలో పెట్టుకుని నిమిషం పైనే చూసింది. ఆటో ఆయన కూడా ఊపిరి బిగబట్టి నిలబడ్డారు.

"ఎరుపు ఉంది. అసలుదే."

మీరు వెళ్తే రెండు మూడు సంగతులు. వల, సీసాలు వద్దు, చాలా జాతులకు చట్టం రక్షణ ఉంది. పూర్తి చేతుల చొక్కా వేసుకోండి, సాయంత్రం బీచ్‌లో ఇసుక దోమలు వదలవు. చిడియా టాపులో మొసళ్ల బోర్డు ఉన్న చోట నీళ్లలోకి దిగొద్దు. చెన్నై నుంచి సముద్రం కింద కేబుల్ వేశాక 2020 నుంచి ఊళ్లో ఇంటర్నెట్ బాగానే ఉంది గానీ అడవి దారుల్లో సిగ్నల్ మీద నమ్మకం పెట్టుకోవద్దు. ఫొటోలు తీసి పెట్టుకుని, రాత్రి రూమ్‌కొచ్చాక ఐనాచురలిస్ట్‌లో ఎక్కించండి.

అమ్మ చుక్కల మందు ఐస్‌ప్యాక్ పౌచ్‌లో పెట్టుకుని, రోజూ రాత్రి తొమ్మిదికి అలారమ్ పెట్టుకుని వేసుకుంది. జూన్‌లో మళ్లీ ఫీల్డ్ టెస్ట్ ఉంది. విశాఖ నుంచి ఓడలో అయితే ఎన్ని రోజులు పడుతుంది, నెల రోజులు ఉండడానికి జంగ్లీఘాట్‌లో గది దొరుకుతుందా అని ఆటో ఆయనతో ఫోన్లో ఇప్పటికే మాట్లాడేసింది. నాకు లీవ్ లేకపోతే తను ఒక్కతే వెళ్తుందట. పది గంటల వైపు చూడ్డానికి ఆయన ఉన్నారు కదా అంటోంది.

క్లబ్‌టెయిల్ ఫొటో పెట్టిన నాలుగు రోజులకు ఇద్దరు వచ్చి 'లొసారియా రోడిఫర్' అని కన్ఫర్మ్ చేశారు. కింద నోట్స్‌లో అమ్మ తెలుగులో టైప్ చేయించింది: గరిటె తోక. చిడియా టాపు. ఉదయం 8.40. ఒంటి మీద ఎరుపు చూశాను.