పాత డీసెలు జీపునకు విద్యుచ్ఛక్తి

గడచిన వేసవి సెలవులకు ముందు పై తరగతి విద్యార్థి యొకడు మాయొద్దకు వచ్చి, "మాస్టరుగారూ, మా నాయన మా పాత డీసెలు జీపును తుక్కు క్రింద తూచి అమ్మివేయ నున్నాడు. ఇంజను తీసివేసి విద్యుత్తు మోటారు పెట్టినయెడల అది మరల నడువదా? ఇంటియొద్ద మేమే చేసికొనరాదా?" అని యడిగెను. అది వాని తాతగారు కొన్న బండి. బురదలో పంట మోసినది, వానకాలపు రాత్రులందు రోగులను ఆసుపత్రికి చేర్చినది. దానిని తుక్కునకు వేయుటకు ఆ బాలుని మనస్సు ఒప్పలేదు. అట్టి బండ్లుగల తలిదండ్రులు పలువురు గలరు గావున, వానికి చెప్పిన యుత్తరమునే ఇచ్చట వ్రాయుచున్నాము.

విద్యుచ్ఛక్తిచే బండి నడుచుట క్రొత్త సంగతి కాదు. రుడాల్ఫు డీసెలుగారి ఇంజను ఆగ్స్‌బర్గు పట్టణమున చక్కగా పనిచేసి చూపినది 1897లో. రెండేండ్లకే, అనగా 1899లో, కామియ్ జెనాట్సీ అను బెల్జియము దేశస్థుడు విద్యుత్తు బండిపై గంటకు 100 కిలోమీటర్ల వేగమును దాటెను. అయినను సీసపు బ్యాటరీల బరువు వలన ఆ బండ్లు వెనుకబడెను. 1991లో లిథియం అయాన్ బ్యాటరీలు అంగళ్లకు వచ్చిన పిదప స్థితి మారినది. వాటికి మూలమైన పరిశోధనలు చేసిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో నోబెలు బహుమానము లభించెను.

ఇంగ్లాండు దేశమున 1948లో వెలువడిన ల్యాండు రోవరు బండ్లకు 1957 మొదలు డీసెలు ఇంజనులు వచ్చెను. అట్టి పాత బండ్లను అచ్చటి వారు కొందరు తమ ఇండ్ల షెడ్లలోనే విద్యుత్తునకు మార్చుకొనుచున్నారు. ప్రమాదములలో చెడిన విద్యుత్తు కార్లనుండి మోటారును బ్యాటరీని తీసి వాడుట వారిలో వాడుక. 2010లో అమ్మకమునకు వచ్చిన నిస్సాన్ లీఫ్ కారు ఇందులకు తరచుగా ఉపయోగపడుచున్నది. దాని మోటారు బలము 80 కిలోవాట్లు. మొదటి బ్యాటరీలో నిలువయుండునది 24 యూనిట్లు.

ఇక పని యెట్లు జరుగునో చూతము. ఇంజను, రేడియేటరు, డీసెలు ట్యాంకు, పొగగొట్టము తీసివేయుదురు. గేరుపెట్టె, నాలుగు చక్రములకును బలమును పంచు పెట్టె, ఇరుసులు అట్లే యుండును. ఇంజనున్న చోట మోటారును నిలిపి, నడుమ ఒక లోహపు పలకను బిగించి గేరుపెట్టెకు జోడింతురు. ఈ పలక మిక్కిలి సూటిగా నుండవలెను. మోటారు ఇరుసును గేరుపెట్టె ఇరుసును ఒకే గీతపై లేనిచో బేరింగులు త్వరలో అరిగిపోవును. మఱియొక సంగతి: ఇంజను కొంత వేగమందుకొనిన గాని బలము చూపదు, మోటారు నిలిచియున్న స్థితినుండియే పూర్తి త్రిప్పుబలము నిచ్చును. అది పాత డీసెలు ఇంజను బలమునకు దాదాపు రెట్టింపు కావచ్చును. కావున కంట్రోలరులో దానికి హద్దు పెట్టనియెడల పాత గేర్ల పండ్లు విరుగును.

ఇచ్చట విద్యార్థులు పలక బలపము చేత పట్టవలెను. ఒక లీటరు డీసెలులో సుమారు 10 యూనిట్ల శక్తి గలదు. జీపు లీటరునకు 10 కిలోమీటర్లు నడచునని యనుకొందము. అనగా కిలోమీటరునకు ఒక యూనిట్టు. అందు నాలుగవ పాలు మాత్రమే చక్రములకు చేరును; తక్కినది వేడిమియై పోవును. మోటారు తాను పుచ్చుకొనినదానిలో పదింట తొమ్మిది పాళ్లను పనిగా మార్చును గావున, కిలోమీటరునకు యూనిట్టులో పదింట మూడు వంతులు చాలును. 24 యూనిట్ల బ్యాటరీలో అయిదింట నాలుగు వంతులే వాడినయెడల 19.2 యూనిట్లు, దానిచే 64 కిలోమీటర్లు పోవచ్చును. యూనిట్టు 8 రూపాయలు, డీసెలు లీటరు 95 రూపాయలు అనుకొనినచో, చార్జి చేయునపుడు కలుగు నష్టముతో కూడ కిలోమీటరునకు విద్యుత్తు ఖర్చు 2 రూపాయల 75 పైసలు, డీసెలు ఖర్చు 9 రూపాయల 50 పైసలు. దినమునకు 20 కిలోమీటర్లు నడచు బండికి 135 రూపాయలు మిగులును. అయితే మార్పునకు 5 లక్షలు పట్టినదనుకొనుడు. అది తిరిగి వచ్చుటకు పది సంవత్సరములు కావలెను. అంతలో బ్యాటరీయే ముసలిదగును. కావున ధనము మిగులునను ఆశ యొక్కటియే ఈ పనికి చాలిన కారణము కాదు.

ఇంజను చేయుచుండిన చిన్న పనులను మరచుట గొప్ప ప్రమాదము. బ్రేకు బూస్టరునకు వలయు శూన్యమును ఇంజను నడుపు పంపే కల్పించుచుండెను. ఇంజను పోయిన పిదప దానికై విద్యుత్తు పంపును పెట్టనిచో, కాలు ఎంత నొక్కినను బండి తగినట్లు ఆగదు. దీపములకు, హారనుకు కావలసిన 12 వోల్టుల విద్యుత్తును పెద్ద బ్యాటరీనుండి తగ్గించి యిచ్చు పరికరము వేరుగా పెట్టవలెను. పల్లము దిగునపుడు మోటారే జనరేటరై బండిని ఆపుచు బ్యాటరీని నింపును. కాని కొండపైననే బ్యాటరీని నిండుగా నింపినచో ఆ శక్తి చేరుటకు చోటుండదు; అప్పుడు బ్రేకులే గతి. బరువును గూడ తూచి పంచవలెను. ఆ బ్యాటరీ యొక్కటియే సుమారు 290 కిలోలు గావున, దానిని భాగములు చేసి ముందును వెనుకను అమర్చుదురు.

అన్నిటికంటె ముఖ్యము ప్రాణభయము. మేము ట్రెయినింగు కాలేజీలో చదువుకొను దినములలో, వ్రేలికి ఉంగరముండగానే 12 వోల్టుల బ్యాటరీ బోల్టును బిగించుచుంటిమి. ఉంగరము స్పానరునకును బండి యినుమునకును నడుమ తగిలి క్షణములో ఎఱ్ఱగా కాలెను. ఆ మచ్చ నేటికిని మా వ్రేలిపై నున్నది. ఈ బ్యాటరీలో నుండునవి 360 వోల్టులు! మన ఇండ్లలోని విద్యుత్తు క్షణమునకు నూరు మారులు సున్నకు వచ్చును గనుక దాని మెఱుపు తానే ఆరుటకు వీలు కలుగును. బ్యాటరీ విద్యుత్తు అట్లు కాదు. తీగ విడివడినను నిప్పు పట్టి కాలుచునే యుండును. అందుచేత తగిన ఫ్యూజులు, తాళము తీయగానే తెగు కంటాక్టర్లు, ప్రతి కణమును కనిపెట్టియుండు బ్యాటరీ కాపలా యంత్రము తప్పక యుండవలెను. బాలురు మూత విప్పి చూచుట కూడ తగదు.

చట్టము సంగతియు చెప్పవలెను. మన దేశమున 1988 సంవత్సరపు మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను ప్రకారము బండిని ఇష్టము వచ్చినట్లు మార్చరాదు. పరీక్షించి ఆమోదించిన పరికరములను అధికారము పొందినవారిచే అమర్పించుకొని, ఆ మార్పును రిజిస్ట్రేషను పత్రములో వ్రాయించుకొనవలెను. కావున "మేమే చేసికొనరాదా?" అను ప్రశ్నకు, రోడ్డుపై నడచు బండి విషయమున, "చేసికొనరాదు" అనియే మా యుత్తరము.

అట్లయిన ఇంటియొద్ద చేయదగిన పనియే లేదా? కలదు. మేము ఆ బాలునికి రెండు పనులు చెప్పితిమి. ఒకటి, జీపు దినమునకు ఎన్ని కిలోమీటర్లు నడచునో సెలవులన్నాళ్లు నోటుపుస్తకములో వ్రాయుట. రెండు, చాసీని తండ్రితో కలిసి సుత్తితో తట్టి చూచుట. బడి తెరచిన దినముననే వాడు పుస్తకము తెచ్చి చూపెను. పట్టణమునకు పోయిన కొద్ది దినములు తప్ప బండి 64 కిలోమీటర్లు దాటలేదు. కాని చాసీపై ఒకచోట సుత్తి తుప్పులోనికి దిగిపోయెనట! ఎముక పుచ్చిన వానికి క్రొత్త గుండె పెట్టి ఫలమేమి? తండ్రి తుక్కు వర్తకునికి ఇచ్చిన మాటను వెనుకకు తీసికొని, ముందుగా ఆ చాసీని బాగుచేయించుటకు పూనుకొనెను. మోటారు సంగతి అటుపిమ్మట ఆలోచింతురు. విద్యార్థులారా, విప్పుటకు ముందు కొలుచుట నేర్చుకొనుడు. ఆ బాలుడు ఈ సంవత్సరము లెక్కలలో ఇంతకు మునుపెన్నడును చూపని శ్రద్ధ చూపుచున్నాడని చెప్పుటకు సంతోషించుచున్నాము.