భువనేశ్వర్‌కు చోటిచ్చిన ఖుర్దా

భువనేశ్వర్: విశాఖపట్నం నుంచి హౌరా వైపు సాగే రైలు బరంపురం దాటిన కొంతసేపటికి ప్రయాణికులు కుడివైపు కిటికీల వద్ద గుమికూడతారు. కనుచూపు మేర నీరు, నీటిపై పడవలు, అక్కడక్కడా కొండ దిబ్బలు. అది చిలికా సరస్సు. ఆ పిమ్మట రొయ్యలకు, పీతలకు పేరుపడిన బాలుగావ్. మరి కొంతసేపటికి ఖుర్దారోడ్ జంక్షన్. పూరీ జగన్నాథుని దర్శనానికి వెళ్లేవారు అక్కడ దిగి మరో బండి అందుకొంటారు. మిగిలినవారిని రైలు భువనేశ్వర్‌కు చేరుస్తుంది. బాలుగావ్ మొదలు భువనేశ్వర్ వరకు వీరంతా దాటివచ్చినది ఒకే జిల్లా అని, దాని పేరు ఖుర్దా అని గమనించేవారు తక్కువ. ఒడిశా రాజధానికి చోటిచ్చిన జిల్లాకు ఆ రాజధాని కీర్తిలో దక్కిన వాటా అంతే.

జిల్లా వయసు చిన్నదే. అప్పటి పూరీ జిల్లాను 1993 ఏప్రిల్ 1న మూడుగా విభజించినపుడు పూరీ, నయాగఢ్‌లతో పాటు ఇది ఏర్పడింది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడి జనసంఖ్య 22 లక్షల 51 వేలు. రాష్ట్ర సచివాలయం, శాసనసభ, గవర్నరు నివాసం ఈ జిల్లాలోనే ఉన్నా జిల్లా కలెక్టరు కార్యాలయం మాత్రం భువనేశ్వర్‌లో లేదు. అది నైరుతి దిశగా సుమారు 25 కిలోమీటర్ల దూరంలోని ఖుర్దా పట్టణంలో ఉంది. హైకోర్టు పాత రాజధాని కటక్‌లోనే నిలిచిపోయింది. ఒకప్పుడు రాజధానిని కర్నూలులో, హైకోర్టును గుంటూరులో చూసిన తెలుగువారికి ఈ ఏర్పాటు వింతగా తోచకపోవచ్చు. మరొక తికమక కూడా ఉంది. ఖుర్దారోడ్ స్టేషను ఉన్నది ఖుర్దాలో కాదు, జట్నీ అనే వేరొక పట్టణంలో.

జిల్లా తూర్పు అంచున మహానది డెల్టాకు చెందిన పల్లపు పొలాలు, పడమట తూర్పు కనుమల అడవులు, దక్షిణాన చిలికా ఉన్నాయి. నడుమ ఉన్నది లాటరైట్ అనే ఎర్రరాతి మెరక. వరద నీరు ఎక్కని ఆ మెరకయే ఇక్కడ పదేపదే రాజధానులు వెలయడానికి ఒక ప్రధాన కారణం కావచ్చు. మెత్తగా ఉన్నపుడు గొడ్డలితో చెక్కి, గాలికి గట్టిపడనిచ్చి వాడుకొనే ఈ రాయి ప్రాచీన కోట ద్వారాలలోనూ, నేటి ఇళ్ల పునాదులలోనూ ఒకే తీరున కనిపిస్తుంది.

ఒకే ఏడాది రెండు రాజధానులు

కటక్ నగరం రెండు నదుల మధ్య ఇరుకున చిక్కుకొని ఉండడంతో కొత్త రాజధాని అవసరమైంది. 1948 ఏప్రిల్ 13న ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ భువనేశ్వర్‌లో శంకుస్థాపన చేశారు. జర్మనీలో జన్మించిన వాస్తుశిల్పి ఆటో కోనిగ్స్‌బెర్గర్ నగర ప్రణాళిక రచించారు. నివాస ప్రాంతాలను ఆయన యూనిట్లుగా విభజించారు. ఫలానా యూనిట్ అని చెప్పుకోవడం భువనేశ్వర్ వాసులకు ఇప్పటికీ అలవాటు. ప్రణాళిక ఉద్దేశించింది 40 వేల మందికి. 2011 నాటికే నగర జనాభా 8 లక్షలు దాటింది.

అదే 1948లో అంతగా ప్రచారం పొందని మరొక పని ఇక్కడ జరిగింది. పురావస్తు శాస్త్రవేత్త బి.బి.లాల్ పాత ఆలయ పట్టణానికి ఆగ్నేయ దిశగా ఉన్న శిశుపాలగఢ్ అనే చోట తవ్వకాలు చేపట్టారు. నేల కింద నుంచి బయటపడింది ఒక నగరం. ఇంచుమించు కచ్చితమైన చతురస్రం, ఒక్కొక్క వైపు కిలోమీటరుకు పైగా పొడవు, చుట్టూ మట్టి ప్రాకారం, దాని వెలుపల కందకం, ప్రతి దిక్కుకు రెండేసి చొప్పున ఎనిమిది ద్వారాలు. క్రీస్తు పూర్వం మూడవ శతాబ్దం నుంచి క్రీస్తు శకం నాలుగవ శతాబ్దం దాకా ఇక్కడ జనం నివసించారని లాల్ నిర్ధారించారు. అంటే కొత్త రాజధానికి పునాదిరాయి పడిన సంవత్సరమే, దానికి కూతవేటు దూరంలో, రెండువేల ఏళ్ల నాటి ప్రణాళికాబద్ధ నగరం వెలుగు చూసిందన్నమాట.

2005 తరువాత మోనికా స్మిత్, ఆర్.కె.మహంతి బృందం మళ్లీ అక్కడ పరిశోధన సాగించింది. ఈ నగరంలో 20 నుంచి 25 వేల మంది నివసించి ఉండవచ్చని స్మిత్ అంచనా. కోట నడుమ నిలిచిన పదహారు ఎర్రరాతి స్తంభాలను స్థానికులు షోలాఖంబా అంటారు.

ఆ కోటకు ఇప్పుడు వచ్చిపడిన ముప్పు శత్రు సేనల వల్ల కాదు. ఇది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోని స్థలమే. అయినా ప్రాకారం లోపలి భూమిలో అధికభాగం ప్రైవేటు వ్యక్తులది. ఒకప్పుడు అది వరి పొలం గనుక తరతరాలుగా దున్నినా కింది గోడలకు పెద్దగా చేటు కలగలేదు. భువనేశ్వర్ విస్తరించి భూమి ధర పెరిగాక పొలాలు ఇళ్ల స్థలాలయ్యాయి. పునాదుల కోసం తీసిన గుంత దున్నిన చాలు వంటిది కాదు. దిగినంత మేరా పాత పొరలను నాశనం చేస్తుంది. రక్షిత కట్టడాలకు వంద మీటర్ల లోపు నిర్మాణాలను నిషేధిస్తూ 2010లో చట్టాన్ని సవరించారు. కాని తాతల నాటి పట్టా చేతిలో ఉన్న రైతు, దానిపై ఇల్లు కట్టరాదంటే తన భూమికి వెల ఎవరిస్తారని అడుగుతాడు. ఆ ప్రశ్న న్యాయమైనదే. భూమిని సేకరించి పరిహారం చెల్లించనంత కాలం నిషేధాన్ని రైతు ఒక్కడి చేత మోయించడం సాధ్యం కాదు. ఈలోగా కొత్త రాజధాని పాత రాజధానిని గదికొక గది చొప్పున మింగుతూనే ఉంది.

ధౌలి బండపై లేని మాట

శిశుపాలగఢ్‌కు దక్షిణంగా దయానది ఒడ్డున ధౌలి కొండ ఉంది. క్రీస్తు పూర్వం 261 ప్రాంతంలో జరిగిన కళింగ యుద్ధానికి ఈ పరిసరాలే రంగస్థలమని ప్రతీతి. యాత్రికులు కొండపై 1972లో జపాన్ బౌద్ధ సంఘం సహకారంతో వెలసిన తెల్లని శాంతి స్తూపాన్ని చూసి, ఛాయాచిత్రాలు తీసుకొని దిగిపోతారు. కొండ దిగువన బండను తొలిచి ముందుకు వస్తున్నట్లు మలచిన ఏనుగు, దాని కింద అశోకుని శాసనం ఉన్నాయి. అక్కడ ఆగేవారు కొద్దిమందే.

ఆ శాసనంలో ఉన్నదాని కంటె లేనిది ఎక్కువ ఆసక్తికరం. లక్ష మంది హతులైనారని, లక్షా యాభై వేల మందిని తరలించుకుపోయారని చెబుతూ అశోకుడు పశ్చాత్తాపం ప్రకటించిన పదమూడవ శాసనం ఇక్కడ చెక్కించలేదు. ఓడిన ప్రజల కళ్లెదుట ఆ లెక్క చెప్పడం చక్రవర్తికి ఉచితమనిపించలేదేమో. ఆ పశ్చాత్తాప వాక్యాలు మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలపై ఉన్నాయి గాని, యుద్ధం జరిగిన గడ్డపై లేవు. వాటికి బదులు తోసలిలోని అధికారులకు, నగర న్యాయాధికారులకు ప్రత్యేక ఆజ్ఞలు ధౌలిలో కనిపిస్తాయి. ప్రజలందరూ తన బిడ్డల వంటివారని, అకారణంగా ఎవరినీ చెరసాలలో పెట్టరాదని, బాధించరాదని, దీనిని తనిఖీ చేయడానికి అయిదేళ్లకొకసారి అధికారులను పంపుతానని వాటి సారాంశం. ఆ తోసలి నగరమే శిశుపాలగఢ్ అని కొందరు చరిత్రకారుల అభిప్రాయం.

నగరానికి పడమట ఉదయగిరి, ఖండగిరి జంట కొండల్లో జైన మునుల గుహలున్నాయి. హాథీగుంఫా అనే గుహ నొసట ఖారవేల చక్రవర్తి పదిహేడు పంక్తుల ప్రాకృత శాసనం ఉంది. పాలనకు వచ్చిన రెండవ ఏట శాతకర్ణిని లెక్కచేయక పడమటికి సేనను నడిపినట్లు అందులో ఉంది గనుక శాతవాహనుల చరిత్ర రాసే తెలుగు పండితులకు అది చిరపరిచితం. అయితే మొదటి ఏట ఆయన చేసిన పని వేరు. తుపాను దెబ్బకు కూలిన కళింగనగరి ద్వారాలను, ప్రాకారాలను బాగు చేయించాడు. 1999 అక్టోబరు 29 నాటి పెను తుపాను, 2019 మే 3న పూరీ వద్ద తీరం దాటి భువనేశ్వర్‌లో వేలాది చెట్లను నేలకూల్చి రోజుల తరబడి చీకటిలో ముంచిన ఫణి తుపాను చూసినవారికి ఆ పంక్తి నిన్న మొన్న రాసినట్లే ఉంటుంది.

ఆలయాల సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఏడవ శతాబ్దం నాటి పరశురామేశ్వరం, పదవ శతాబ్దం నాటి ముక్తేశ్వరం, పదకొండవ శతాబ్దంలో సుమారు 180 అడుగుల ఎత్తున లేచిన లింగరాజు ఆలయం ఒకదానికొకటి నడచి వెళ్లేటంత దగ్గరలో ఉన్నాయి. హీరాపూర్‌లో పైకప్పు లేని వలయాకారపు చౌసఠ్ యోగినీ గుడిని మాత్రం ప్రయాణ సంస్థలు తరచు వదిలివేస్తుంటాయి. వదలవలసినది కాదు.

పైకుల గడ్డ

జిల్లాకు పేరిచ్చిన ఖుర్దా పట్టణానిది వేరొక చరిత్ర. 1568లో ఒడిశా స్వతంత్ర రాజ్యం కూలిపోయాక రామచంద్రదేవుడు బరునాయి కొండ అండన ఇక్కడ కోట కట్టి భోయి వంశాన్ని నిలిపాడు. జగన్నాథ ఆలయ సేవాధికారం ఈ రాజులదే. 1803లో ఒడిశా తీరం ఈస్టిండియా కంపెనీ వశమైంది. బాలుడైన రాజు ముకుందదేవుని పక్షాన ఎదురు నిలిచిన జయీ రాజగురును 1806లో మిడ్నపూర్‌లో చంపారు.

అసలు మంట రాజుకున్నది 1817లో. పైకులంటే రాజుకు యుద్ధ సేవ చేసి, ప్రతిగా శిస్తు లేని భూమి అనుభవించే రైతు సైనికులు. కంపెనీ ఆ భూములను లాగివేసుకొంది. గవ్వల చలామణిని తోసిపుచ్చి వెండి రూపాయలలో శిస్తు కట్టమంది. ఉప్పు గుత్తాధిపత్యంతో ఉప్పు ధర పెరిగింది. రోడంగ్ ఎస్టేటును కోల్పోయిన సేనాని బక్షీ జగబంధు నాయకత్వంలో పైకులు తిరగబడ్డారు. ఘుమ్‌సర్ నుంచి కొండ దిగి వచ్చిన కంధులు వారితో కలిశారు. బాణపూర్ ఠాణాపై దాడి చేసి, ఖుర్దాలో ప్రభుత్వ భవనాలను తగులబెట్టారు. తిరుగుబాటు అణగిపోయినా బక్షీ 1825 దాకా చిక్కలేదు.

దీనిని తొలి స్వాతంత్ర్య సంగ్రామంగా గుర్తించాలని ఒడిశావాసుల కోరిక. అలా పేర్కొనలేమని కేంద్ర సాంస్కృతిక శాఖ మంత్రి జి.కిషన్‌రెడ్డి 2021 డిసెంబరులో రాజ్యసభకు తెలియజేశారు. అంతకు రెండేళ్ల ముందు, 2019 డిసెంబరులో, రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ బరునాయి దిగువన పైకుల స్మారకానికి శంకుస్థాపన చేశారు.

భూమి కోసం తగవు ఆ శతాబ్దంతో ముగియలేదు. చిలికా ఒడ్డున అది నీటి కోసం తగవుగా మారింది. రొయ్యల ఎగుమతి లాభసాటి అయ్యాక బయటివారు సరస్సును గట్లతో, వలలతో చుట్టివేశారు. సంప్రదాయ జాలరులకు వేట స్థలం కరవైంది. 1996లో సుప్రీంకోర్టు తీరు చెప్పినా గట్లు పూర్తిగా పోలేదు. జాలరులే వాటిని తొలగించబూనినపుడు 1999 మే 29న సోరానా గ్రామంలో పోలీసు కాల్పులకు నలుగురు బలయ్యారు. 2000 సెప్టెంబరులో సముద్రంలోకి కొత్త ముఖద్వారం తవ్వాక సరస్సు తేరుకొంది. 1993లో ప్రమాదపు జాబితాకెక్కిన ఈ రామ్‌సర్ స్థలాన్ని 2002లో ఆ జాబితా నుంచి తొలగించారు. వేట హక్కు ఎవరిదన్న వివాదాన్ని ముఖద్వారం తీర్చలేదు.

తెలుగువారికి ఈ జిల్లాతో అసలు అనుబంధం రైలు ద్వారానే. 2003లో భువనేశ్వర్ కేంద్రంగా తూర్పు కోస్తా రైల్వే జోన్ పనిచేయనారంభించినపుడు ఖుర్దారోడ్, సంబల్‌పూర్‌లతో పాటు వాల్తేరు డివిజన్ కూడా దాని కిందికి వెళ్లింది. విశాఖవాసుల అసంతృప్తి 2019 ఫిబ్రవరిలో దక్షిణ కోస్తా జోన్ ప్రకటన దాకా సాగింది. జట్నీ పరిసరాలకు ఇప్పుడు ఐఐటి, నైసర్ పరిశోధన సంస్థ వచ్చాయి. బలకాటి కంచు పాత్రలు, ఖుర్దా నేత తువ్వాళ్లు మాత్రం పాత సంతల్లోనే అమ్ముడుపోతున్నాయి.

చూడవచ్చేవారికి శీతకాలం అనువైనది. బర్కుల్ నుంచి కాళీజాయి దీవికి పడవలు నడుస్తాయి. 1980లో మామూలు రంగు పులులకు తెల్ల పిల్లలు పుట్టి పేరు పొందిన నందన్‌కానన్ జంతుశాల పిల్లలకు నచ్చుతుంది. కటక్ దారిలో పహాళా వద్ద రసగుల్లాల దుకాణాలు బారులు తీరి ఉంటాయి. శిశుపాలగఢ్‌కు మాత్రం దారి అడిగి వెళ్లాలి. కొత్త ఇళ్ల వరుసల మధ్య ఎర్రరాతి గోడ కనిపిస్తే అదే పడమటి ద్వారం.